ఐసు నీళ్ళలో కడిగిన కాళ్ళు

ఈ వార్త నాకు మొదట మోసుకొచ్చింది మా బైబిల్ స్త్రీ మార్తమ్మగారు. గుడివాడలో స్త్రీల కూటాలకు వెళ్ళి, మా అన్నయ్య ఇంట్లో రెండు రోజులు ఉండి, తిరువూరులో బస్సు దిగి తన ఇంటికైనా వెళ్ళకుండా నేరుగా మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. మంచినీళ్ళు ఇస్తే తాగకుండా పక్కన పెట్టేశారు.

"మీ ప్రశాంతి అన్నం తినడం లేదమ్మా. బందరులో ఎవరో చేపలావిడ కాలికి మిషను పెట్టి చూసి, రక్తం సరిగ్గా వెళ్ళట్లేదని చెప్పిందంట. కాలు తీసేస్తారని ఆవిడ హడలిపోయి పుట్టింటికి పారిపోయిందంట. ఆ మిషను చెప్పింది నిజమో కాదో ఇప్పుడు ఈ పిల్లకే అనుమానమంట."

ప్రశాంతి మా అన్నయ్య కూతురు. గుడివాడ దగ్గర ఒక కాలేజీలో పరిశోధన చేస్తోంది. రోజూ పరుగెత్తే ఆడపిల్లల రక్తనాళాలు ఎలా ఉంటాయి, రోజంతా నిలబడి పనిచేసే ఆడవాళ్ళవి ఎలా ఉంటాయి అన్నది దాని చదువు. నేనా, బడి గడప తొక్కని మనిషిని. చిన్నప్పుడు ఏడాది పొడుగునా జ్వరాలు రావడంతో మా నాన్నే ఇంట్లో పలక పట్టించారు. బైబిలూ, వార్తాపత్రికా, ఎక్కాల పుస్తకమూ నా పాఠశాల.

"నేను వెళ్ళి చేసేదేముందండీ?" అన్నాను.

"చెయ్యడానికి కాదమ్మా, పక్కన కూర్చోడానికి," అన్నారు మార్తమ్మగారు. అప్పుడు తాగారు మంచినీళ్ళు.

ఆవిడ ఆ పూట రాకపోతే నేను ఈ ఐదు రోజులూ చూసేదాన్ని కాదు. అందుకే ముందుగా ఆవిడకు వందనం చెప్పి మొదలుపెడుతున్నాను.

గుడివాడ: శనివారం నియమం

మా మెట్ట ప్రాంతంలో నీళ్ళ కోసం భూమిలోకి దిగాలి. ఇక్కడ నీళ్ళు రోడ్డు పక్కనే మనతోపాటు నడుస్తుంటాయి. బస్సు కిటికీలోంచి కాలవలు చూస్తూ, ఇంత నీరు ఇచ్చిన దేవుడికి స్తోత్రం అనుకున్నాను. బస్టాండులో దిగి ఇరవై రూపాయలు పెట్టి మంచినీళ్ళ సీసా కొన్నాక ఆ స్తోత్రాన్ని కొంచెం సవరించుకున్నాను.

శనివారం పొద్దున్నే ప్రశాంతి నన్ను మైదానానికి తీసుకెళ్ళింది. పిల్ల చిక్కిపోయింది. అక్కడ పన్నెండు మంది ఆడపిల్లలు పరుగు సాధన చేస్తున్నారు. పరుగు అయ్యాక చెట్టు కింద పడుకుని విశ్రాంతి తీసుకున్నవాళ్ళకు ఒక్కొక్కరికీ మిషను పెడుతోంది. బీపీ చూడటానికి చేతికి పట్టీ కడతారు కదా, అలాంటిదే ఉంగరమంత చిన్నది కాలి బొటనవేలికి కడతారు. చేతి అంకె కంటే వేలి అంకె కొంచెం తక్కువ ఉండటం మామూలే. మరీ పడిపోతే మాత్రం కాలి చివరి వరకూ రక్తం ధారాళంగా వెళ్ళడం లేదని అనుమానించాలి.

ఒకరికి కట్టింది ఇంకొకరికి కట్టేముందు వేలికి పల్చటి తొడుగు వేస్తారు. ఆ తొడుగు మామూలు ప్లాస్టిక్ కాదు. ప్రశాంతితోపాటు చదివే సుభానీ అనే అబ్బాయి రొయ్య పెంకుల్లోంచి తీసిన పదార్థంతో చేసింది. వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. చెరువుల దగ్గర గుట్టలుగా కుళ్ళే పెంకులకు ఒక దారి చూపించాలని అతని తాపత్రయం.

శ్రావణి అనే పిల్ల చటుక్కున కాలు వెనక్కి లాక్కుంది. "ఇవాళ శనివారం అక్కా. నీసు ముట్టుకోను."

"ఇది నీసు కాదమ్మా, శుద్ధి చేసిన పదార్థం," అన్నాడు సుభానీ.

"దేంట్లోంచి తీశారండీ?"

"పెంకులోంచి."

"పెంకు ఎవరిదండీ?"

"రొయ్యదే అనుకో..."

"మరింకేంటండీ!"

పిల్లలందరూ పడీ పడీ నవ్వారు. ప్రశాంతి కూడా నవ్వింది, వారం రోజుల తర్వాత నవ్విందట. శ్రావణి పేరు ఎదురుగా "గురువారం" అని రాసుకుంది. నాకు ఆ పిల్ల నియమం నచ్చింది. మా ఇంట్లో ఈస్టరుకు ముందు శ్రమల కాలంలో నలభై రోజులు మాంసం ముట్టం. ఎవరి మొక్కు వాళ్ళకు బరువే.

శ్రావణి ఖాళీ చేసిన చోట నేను పడుకున్నాను. నా చేతి అంకె నూట ఇరవై, వేలి అంకె తొంభై ఐదు. "బంగారం లాంటి కాళ్ళు అత్తా," అంది ప్రశాంతి. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది.

బందరు గిలకలదిండి రేవులో ఐసు కొట్టి చేపలు పెట్టెల్లో సర్దే మల్లేశ్వరికి వేలి అంకె నలభై వచ్చింది. ప్రశాంతి కంగారుపడి పదిమంది ముందే, "మీ కాలికి రక్తం సరిగ్గా వెళ్ళడం లేదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి," అనేసింది. ఆ మాట రేవు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళేసరికి "కాలు తీసేస్తారంట" అయింది. మర్నాడు మల్లేశ్వరి పనిలోకి రాలేదు, ఆసుపత్రికీ వెళ్ళలేదు. దివిసీమలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చూసిన ఆరుగురికి కూడా అంకెలు అలాగే తక్కువ వచ్చాయి.

"అందరికీ ఒకేసారి జబ్బు చేయదు కదత్తా. ఎక్కడో నా తప్పుంది. వీడి తొడుగు తడికి మెత్తబడి పట్టీ సరిగ్గా బిగియడం లేదేమో."

"ఇరవైసార్లు తడిపి చూశాను అత్తయ్యగారూ," అన్నాడు సుభానీ, మొహం చిన్నబుచ్చుకుని.

పెడన దాటాక

ఆదివారం ఆరాధనలో ప్రశాంతి నా పక్కన కూర్చుంది గానీ పాట పాడలేదు. పుస్తకం తెరిచి పట్టుకుంది అంతే. నేను కూడా బలవంతం చెయ్యలేదు. మధ్యాహ్నం బందరు బస్సెక్కాం.

సుభానీ బయలుదేరేముందు తన పదార్థంతోనే చేసిన చేతిసంచి నాకు బహుమానంగా ఇచ్చాడు. తేనెరంగులో, వెలుతురు కనిపించేంత పల్చగా ముచ్చటగా ఉంది. అందులో నా బైబిలు, కళ్ళజోడు, అరటిపళ్ళు, చల్లటి నీళ్ళ సీసా పెట్టుకున్నాను. ఎండకు సీసా చెమట పట్టింది. పెడన దాటేసరికి సంచి అడుగు గంజిలా జారి, నా సామానంతా బస్సులో దొర్లింది.

పక్క సీటు ముసలాయన అరటిపండు ఏరి ఇస్తూ, "సంచి ఎక్కడ కొన్నావమ్మా? మోసం చేశాడు," అన్నారు.

"కొనలేదండీ, ఇచ్చారు. రొయ్య పెంకులతో చేసింది."

ఆయన చేతికంటిన జిగురు వాసన చూసి, "ఎంతసేపు ఉడకబెట్టాలి?" అన్నారు.

ఫోనులో చెబితే సుభానీ నొచ్చుకున్నాడు. "కరగడమే దాని పని కదండీ. తొడుగు వేరు, దానికి పైపూత ఉంటుంది." నాకు మాత్రం అనుమానం బలపడింది. పాపం, ఆ పిల్లవాడి మీద ఒక రోజంతా తప్పు మోపి ఉంచాను. ఇక్కడ క్షమాపణ చెప్పుకుంటున్నాను.

బందరులో మాకు తెలిసిన టీచరమ్మ ఇంట్లో దిగాం. తొక్కుడు లడ్డూ పెట్టారు. మా వైపు లడ్డూ పళ్ళకు పని చెబుతుంది, ఇది నాలుక మీద పెట్టగానే సర్దుకుపోతుంది.

గిలకలదిండి

సోమవారం తెల్లవారగానే రేవుకు వెళ్ళాం. పడవలు వచ్చి ఉన్నాయి. పాటలు మొదలయ్యాయి. పాట అంటే వేలం. మా వైపు మామిడికాయల మండీలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని గుట్టుగా ధర చెప్పుకుంటారు. ఇక్కడ గుట్టు లేదు, గొంతే. బుట్టెడు కవళ్ళ చేపలు నా కళ్ళముందే మూడు వందల యాభై దగ్గర మొదలై నాలుగు వందల ఎనభైకి వెళ్ళాయి. పాడింది ఒక బక్కపల్చటి ఆడమనిషి. పేరు కోటమ్మ. వేలం ముగిశాక ఐసు పెట్టెల దగ్గర ఆడవాళ్ళ మీద పెత్తనం ఆవిడదే.

ప్రశాంతిని చూడగానే కోటమ్మ మొహం తిప్పుకుంది. "వచ్చావా తల్లీ. ఇవాళ ఎవరి కాలు?"

ప్రశాంతి తల దించుకుంది. నేనే ముందుకెళ్ళి, "దీని మేనత్తనండీ. తప్పు ఎక్కడ జరిగిందో చూసుకోడానికే వచ్చాం," అన్నాను.

"మేనత్తను తెచ్చుకుంది, తిట్లు పంచుకోడానికి," అని పక్కవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుతో కొంచెం దారి దొరికింది. వలలు దాచే రేకుల షెడ్డులో బల్ల వేసుకున్నాం. మధ్యాహ్నం వరకూ ఎవరూ రాలేదు.

పని తెమిలాక కోటమ్మ పిలిస్తే షెడ్డులోంచి బయటికి వచ్చాను. రెండడుగులు వేశానో లేదో, పొలుసుల మీద కాలు జారి చేప నీళ్ళలో చతికిలబడ్డాను. చీర, చేతులు, కాళ్ళు మొత్తం జిగట. దెబ్బేమీ తగల్లేదు, దేవుడి దయ. కోటమ్మ నవ్వు ఆపుకుంటూ లేపి, షెడ్డు వెనక్కి నడిపించింది.

అక్కడ పాత ఐసు పెట్టె ఒకటి ఉంది. కరిగిన నీళ్ళు, ఇంకా తేలుతున్న గడ్డలు. అప్పటికే నలుగురు ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా అందులో నిలబడి, సబ్బూ నిమ్మచెక్కా పెట్టి చేతులూ పాదాలూ తోముకుంటున్నారు.

"అదేంటి, అంత చల్లటి నీళ్ళా?" అన్నాను.

"వేడినీళ్ళు పోస్తే నీసు చర్మానికి పట్టేసుద్దండీ. ఐసు నీళ్ళకైతేనే పోద్ది. మేం డాక్టరమ్మ దగ్గరికెళ్ళే ముందు అందరం ఇలాగే కడుక్కుంటాం."

"రోజూనా?"

"రోజూ ఎందుకండీ, ఇంటికెళ్ళి పోసుకుంటాం. మిషను రోజున మాత్రమే. ఆ పిల్ల మా కాలు చేత్తో పట్టుకుంటది కదా. ముక్కు మూసుకుంటే మనకి చిన్నతనం కాదా?"

నేనూ దిగాను. ఒక్క నిమిషానికే నా వేళ్ళు తెల్లబడ్డాయి. పావుగంట తోమింది కోటమ్మ, నన్ను పసిపిల్లను చేసి. బయటికి వస్తుంటే పాదాలు నావి కానట్టు ఉన్నాయి.

షెడ్డులో నన్ను చూసి ప్రశాంతి, "ఎవరూ రావడం లేదు, నువ్వైనా పడుకో అత్తా, ఒకరిని చూస్తే మిగతావాళ్ళకి ధైర్యం వస్తుంది," అంది. తొడుగు వేసి, పట్టీ కట్టింది. మిషను చూసింది. పట్టీ విప్పి మళ్ళీ కట్టింది.

"నీ అంకె నలభై రెండు వచ్చిందత్తా."

"నావి బంగారం లాంటి కాళ్ళన్నావు?"

అది నా పాదం రెండు చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు దాని మొహం చూడాలి. "ఇంత చల్లగా ఉన్నాయేంటి?"

ఐసు పెట్టె సంగతి చెప్పాను.  చలికి వేళ్ళలోని సన్నటి నాళాలు ముడుచుకుంటాయి, అప్పుడు అంకె పడిపోతుంది. ఈ సంగతి అది చదవకపోలేదు. గది చల్లగా ఉండకూడదని జాగ్రత్తపడింది కూడా. కాళ్ళు తడిగా ఎందుకున్నాయని ఏ ఒక్కరినీ అడగలేదు. అడిగితే కించపరిచినట్టవుతుందని మొహమాటపడింది. వాళ్ళు దాన్ని గౌరవించి కడుక్కున్నారు, అది వాళ్ళను గౌరవించి అడగలేదు. ఇద్దరి మర్యాద మధ్యా మల్లేశ్వరి నలిగిపోయింది.

కాలేజీలో తనకు చదువు చెప్పే మేడమ్‌గారికి ఫోను చేసింది. దుప్పటి కప్పి, అరగంట పడుకోబెట్టి మళ్ళీ చూడమన్నారట. నా వేలి అంకె తొంభై దాటింది. కోటమ్మది, మిగతావాళ్ళవి కూడా అంతే, దుప్పటి కిందికి వచ్చినవాళ్ళ అంకెలన్నీ పైకి లేచాయి.

"సుభానీకి ఫోన్ చెయ్యి ముందు," అన్నాను. చేసింది. "సారీ రా," అని ఫోను నాకిచ్చేసింది.

కోటమ్మ పట్టీ విప్పుకుంటూ, "నాకు చెప్పడం కాదు, దాని దగ్గరికెళ్ళి చెప్పండి. మల్లేశ్వరి రాత్రిళ్ళు కాలు తడుముకుంటా కూర్చుంటందంట," అంది.

దివిసీమ

మంగళవారం పులిగడ్డ వారధి మీదుగా కృష్ణ దాటి అవనిగడ్డ, అక్కడి నుంచి నాగాయలంక, ఆ పైన ఆటో. పోనుపోను భూమి పల్చబడి నీళ్ళు చిక్కబడతాయి. పది అడుగులు తవ్వితే నీళ్ళే, కానీ ఉప్పు. మా ఊళ్ళో లోతుకు వెళ్ళలేక బాధపడతాం, వీళ్ళు పైనే ఉన్న నీళ్ళు తాగలేక టిన్నులు కొనుక్కుంటారు. దేవుడు ఎవరికి ఏది ఎక్కడ దాచాడో!

మల్లేశ్వరి పుట్టిల్లు సముద్రానికి దగ్గర, మడ చెట్ల పక్కన. మమ్మల్ని చూడగానే ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. గుమ్మంలో నిలబడింది వాళ్ళమ్మ. పొట్టి మనిషి, నెత్తిన తట్ట మోసీ మోసీ మెడ గట్టిపడింది. వేళ్ళ మధ్య ఆరిన చుట్ట.

"ఎందుకొచ్చారమ్మా? రెండో కాలు కూడా రాసుకోడానికా?"

ప్రశాంతి చెప్పులు విప్పి వాకిట్లో కూర్చుంది. "లేదమ్మమ్మా. తప్పు నాదని చెప్పడానికొచ్చాను."

ఆవిడ ఈ మాట కోసం సిద్ధంగా లేదు.  ప్రశాంతి ఐసు నీళ్ళ సంగతి మొదటి నుంచీ చెప్పింది. తలుపు వెనక అలికిడి ఆగింది.

"అంటే కడుక్కోడం తప్పయిందా?" అంది లోపలి నుంచి మల్లేశ్వరి.

"అడక్కపోవడం తప్పక్కా. అది నాది."

తలుపు తెరుచుకుంది. మంచం మీద దుప్పటి కప్పుకుని అరగంట పడుకుంది మల్లేశ్వరి. వాకిట్లో చుట్టుపక్కల వాళ్ళు చేరారు.  నేను కళ్ళు మూసుకున్నాను. ప్రార్థనలో మాటలు రాలేదు, ఆ అమ్మాయి పేరొక్కటే వచ్చింది. ప్రశాంతి పట్టీ కట్టి, చూసి, ఈసారి అందరికీ వినిపించేలా కాకుండా వంగి మల్లేశ్వరి చెవిలో చెప్పింది. మల్లేశ్వరే అరిచింది, "బాగుందంటమ్మా! నా కాలు బాగుందంట!"

ఆ వాకిలి పెళ్ళి వాకిలయింది. ఎవరో పీతల పులుసు తెచ్చారు, ఎవరో చింతకాయ రొయ్యలు. మా ఇద్దరి కంచాల్లో వడ్డించిన అన్నానికి మా ఇంట్లో నలుగురం తింటాం. పీత డొప్ప విరవడం రాక నేను తిప్పలు పడుతుంటే, "బడికెళ్ళలేదన్నారుగా, ఇదైనా నేర్చుకోండి," అని వాళ్ళమ్మ విరిచి నా కంచంలో పెట్టింది.

తిన్నాక ఆవిడ మంచం మీద కాళ్ళు చాపుకుంది. "ఏదీ, నాకూ పెట్టు ఆ ఉంగరం. దానికి పెట్టి నాకు పెట్టకపోతే కోడిపిల్లకున్నపాటి విలువ లేదా నాకు?"

అందరం నవ్వాం. కుడికాలు బాగానే ఉంది. ఎడమ కాలి బొటనవేలికి కట్టింది ప్రశాంతి. దుప్పటి కప్పింది. అరగంట ఆగింది. మళ్ళీ కట్టింది. గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డ చుట్టి ఇంకోసారి చూసింది. పాదం వెచ్చగానే ఉంది. అంకె మాత్రం లేవలేదు.

దాని మొహం నేను చూశాను, నా మొహం అది చూసింది. ప్రశాంతి ఏమీ ప్రకటించలేదు. వాకిట్లో వాళ్ళు కంచాలు కడుక్కుని వెళ్ళేదాకా ఆగి, మంచం పక్కన నేల మీద కూర్చుని అడిగింది. "నడిస్తే ఈ పిక్క పట్టేస్తుందా అమ్మమ్మా?"

"పట్టుద్ది. రెండు కరెంటు స్తంభాలు నడిస్తే పట్టేసుద్ది. తట్ట సర్దుకుంటన్నట్టు ఆగుతా. కాసేపటికి వదిలేసుద్ది. వయసొచ్చింది కదా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు." చెప్పాక, ఆవిడకు అర్థమైంది. "నేను ఐసు తొక్కలేదే పిల్లా."

"లేదమ్మమ్మా. అందుకే రేపు నాతో పెద్దాసుపత్రికి రావాలి. ఇది పరీక్ష మాత్రమే, ఖాయంగా చెప్పాల్సింది డాక్టరుగారు. నేనూ వస్తాను. అయ్యేదాకా ఉంటాను."

ఆవిడ చేతిలోని చుట్ట ముక్క వాకిట్లోకి విసిరేసింది. "దాని కాలు కోసం నేను పది రోజులు ఏడిచాను. నాది నా కిందే ఉందని తెలియలేదు."

మర్నాడు నలుగురం బందరు వెళ్ళాం. తొడలోని నాళం ఒకటి బాగా సన్నబడిందని తేల్చారు. మందులు మొదలుపెట్టారు. చుట్ట పూర్తిగా మానాలన్నారు. మందులతో నడక మెరుగుపడకపోతే నాళాన్ని తెరిచే చికిత్స చేస్తారట. ఇంకొంత ఆలస్యమైతే పుండు పడి కాలికే ముప్పు వచ్చేదట. ప్రశాంతి తన పరిశోధన పుస్తకంలో కొత్త నియమం రాసుకుంది: ముందు కాలు ముట్టుకుని చూడాలి, ఎలా కడుక్కున్నారో అడగాలి.

ఆ తప్పు అంకె రాకపోతే మేం ఆ వాకిట్లో అడుగు పెట్టేవాళ్ళం కాదు. అలాగని తప్పు మంచిదని నేననను, మల్లేశ్వరి పది రాత్రులు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. కానీ మన తప్పును కూడా వృథా పోనివ్వని దేవుడున్నాడని మాత్రం తెలిసింది.

నేను ఇంటికి వచ్చి మూడు వారాలైంది. మొన్న మల్లేశ్వరి వాళ్ళమ్మకు ఫోను చేస్తే, స్తంభాలు రెండు కాదు, రెండున్నర అయ్యాయని చెప్పింది. చికిత్స అవసరమవుతుందో లేదో వచ్చే నెల చూస్తారట. "మీ దేవుడికి నా సంగతి చెప్తానన్నారుగా, చెప్తన్నారా?" అని అడిగింది. రోజూ పేరు పెట్టి చెబుతున్నానన్నాను.

"పేరొక్కటే చెప్తే ఎట్టాగండీ? మా దివిలో రాయి విసిరితే నాంచారమ్మ మీద పడుద్ది. ఆయన పోయి ఇంకెవరి కాలో బాగుచేస్తే?"

అందుకని, ఇది చదివిన అమ్మలారా, మీ మీ ప్రార్థనల్లో, మీ మీ దేవుళ్ళ ముందు, ఈ ఒక్క మనిషిని తలుచుకోండి. నాగాయలంక అవతల, మడ చెట్ల పక్క ఇల్లు. మల్లేశ్వరి వాళ్ళమ్మ నాంచారమ్మ. ఎడమ కాలు.